తాడు పట్టిన చేతికి రొట్టె

మా పలాస సంఘంలో ప్రసంగ వేదిక వెనక గోడకు ఒక చెక్క బోర్డు ఉండేది. దాని మీద జ్వరం చూసే గొట్టంలాంటి బొమ్మ, అందులో అడుగు నుంచి పైకి పాకే ఎర్ర రంగు. ఎవరైనా బాప్తిస్మం తీసుకున్నప్పుడల్లా మా పాస్టరుగారు స్వయంగా కుంచె పట్టుకొని ఆ ఎరుపును కొంచెం పైకి లాగేవారు. మానేసినవాళ్ల కోసం గానీ, వేరే సంఘానికి పోయినవాళ్ల కోసం గానీ దాన్ని కిందికి దించే పద్ధతి లేదు. జ్వరం ఎక్కడమే తప్ప దిగడం తెలియని రోగిని ఏ వైద్యుడూ ఆరోగ్యవంతుడనడు. మేము మాత్రం ప్రతి ఆదివారం ఆ బొమ్మకు ఎదురుగా కూర్చొని, మా సంఘం ఎంత చక్కగా ఎదుగుతోందో అని స్తోత్రాలు చెప్పేవాళ్లం.

నేను రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి పలాసలోనే రిటైరయ్యాను. గార్డు కూర్చునేది బండి చివరి పెట్టెలో. ఇంజను ఎంత జోరుగా పోతోందన్నది డ్రైవరు చూసుకుంటాడు. వెనక పెట్టెలన్నీ వస్తున్నాయా, మధ్యలో ఏదైనా తెగిపోయిందా అన్నది గార్డు చూసుకోవాలి. సంఘ పెద్దగా నన్ను ఎన్నుకున్నప్పుడు కూడా నాకు తెలిసిన పని అదొక్కటే. రోజూ డైరీ రాసే అలవాటు కూడా ఆ ఉద్యోగంలోనే అబ్బింది. ఎండా వానా, వచ్చిన మనుషులు, ఆదివారమైతే ప్రసంగ విషయం, అంతే రాస్తాను. రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన డైరీల్లో ప్రసంగ విషయం అన్న చోట వారం వారం ఒకే మాట ఉంటుంది. ఎదుగుదల. చివరికి విసుగొచ్చి పైన రాసినదానికి కింద రెండు చుక్కలు పెట్టి ఊరుకునేవాణ్ణి.

ఈ ఎదుగుదల టెక్కలిలో జరిగిన ఒక శిక్షణ తరగతి నుంచి వచ్చింది. చుట్టుపక్కల పాస్టర్లందరినీ పిలిచారు. పెద్దలను కూడా తీసుకురమ్మన్నారు కాబట్టి నేనూ వెళ్లాను. ఆ చెప్పినాయన మంచివాడే. నల్లబల్ల మీద ఒక చెయ్యి గీసి, ఒక్కో వేలికి ఒక్కో పేరు పెట్టాడు. ఆరాధన, బోధ, సహవాసం, సేవ, సువార్త. ఏ ఒక్క వేలు పొడుగ్గా పెరిగినా ఆ చెయ్యి అన్నం కలపడానికి పనికిరాదన్నాడు. ఇంత తేలికైన మాట చెప్పడానికి మూడు పూటలు తీసుకున్నాడే అని నాకు అనిపించింది గానీ, మాటలో తప్పేమీ లేదు. మా పాస్టరుగారు పక్కనే కూర్చొని అంతా రాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన మొహం వెలిగిపోతోంది.

"బ్రదర్, చూశారా? సువార్త అన్న వేలు మనకు చాలా చిన్నగా ఉంది."

"మిగతా నాలుగూ ఎలా ఉన్నాయి?" అన్నాను.

"అవి వాటంతటవే వస్తాయి బ్రదర్. మీది పాతకాలం."

పట్టుమని నెల తిరక్కుండా గోడకు బోర్డు వచ్చింది. పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. వాటిని ఇచ్చినది కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ ఉన్న మా కమిటీ సభ్యుడు. పిక్కలు కొట్టి కొట్టి జీడిరసానికి చేతులు పొక్కిపోయిన ఆడవాళ్లు ఆయన షెడ్లో ఆదివారం కూడా పనిచేసేవాళ్లు. వాళ్లకు గుడికి రావడానికి సెలవిచ్చే ఆలోచన ఆయనకు రాలేదు. వాళ్ల దాకా వాక్యం వినబడేటట్టు స్పీకర్లు మాత్రం ఇచ్చాడు. పాస్టరుగారు ఆయన్ను దర్శనం ఉన్న మనిషి, అంటే ముందుచూపున్న మనిషి అని పొగిడారు.

అంతకుముందు మా సంఘానికి ఉద్దానం తీరంలో ఒక చేపలపల్లెతో చిన్న సంబంధం ఉండేది. ఆ సంబంధం కలిపింది నా భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. అక్కడ ఒకావిడకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టిందని తెలిసి చూడడానికి వెళ్లారు. ఆవిడ భర్త గుజరాత్ బోట్ల మీద కూలికి పోయి ఉన్నాడు. ఇంట్లో అత్త, చిన్నపిల్లలు. వీళ్లు ముగ్గురూ వంతులవారీగా బస్సెక్కి వెళ్లి గంజి కాచి, గుడ్డలు ఉతికి, పక్కన కూర్చొని వచ్చేవాళ్లు. కోలుకున్నాక ఆవిడ తనంతట తానే అడిగింది, మీ దేవుడి సంగతి ఏటని. అలా మొదలైంది. పాస్టరుగారికి ఈ పద్ధతి నచ్చలేదు. ఇంత మెల్లగా అయితే లోకం ఎప్పటికి మారాలి అన్నారు. మాటిమాటికీ బస్సు ఎక్కే ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, సభలకు చీటీలు పంచే పని అప్పజెప్పారు.

ఆ పల్లెలో సభ పెట్టారు. మూడు సాయంత్రాలు కొబ్బరితోటల అవతలి దాకా అరుపులు. నాలుగో పొద్దున సముద్రంలో బాప్తిస్మాలు. మూడు కుటుంబాలు ముందుకు వచ్చాయి, అందులో కామెర్ల నుంచి కోలుకున్న ఆవిడది ఒకటి. పాస్టరుగారికి అలలంటే భయం. తెల్ల అంగీ వేసుకొని మోకాటి లోతులో ఆగిపోయి, ఫొటో తీసే మనిషిని దగ్గరికి రమ్మంటున్నారు. పల్లెంతా గట్టున నిలబడి చూస్తోంది. అక్కడి కులపెద్ద, తెల్లమీసాల మనిషి, వల బాగుచేసుకుంటూ కూర్చున్నవాడు తలెత్తి కేక వేశాడు.

"బాబూ, ఇంకాస్త లోపలికెల్లు! అక్కడ సేపపిల్లలు కూడా ములగవు!"

గట్టు మీద నవ్వులు.

"మా గుంటలు పుట్టినకాడ్నించీ ములుగుతానే ఉన్నారు. ఒక్కడూ బాగుపడ్నేదు. నువ్వేటి సేత్తావో సూత్తాం!"

ఆదివారం నాడు బోర్డు మీద ఎరుపు బెత్తెడు పైకి పాకింది. ఫొటో పెద్దది చేయించి పక్కన తగిలించారు. అందులో అల కనపడదు, లోతు కనపడదు. పాస్టరుగారి చేతులు కనపడతాయి.

ఇక్కడ ఆ పల్లె పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ పెద్దవల వేస్తారు. నావలో తీసుకెళ్లి సముద్రంలో గుండ్రంగా దించి, రెండు తాళ్లతో గట్టు మీదికి లాగుతారు. లాగడానికి చాలామంది కావాలి. మగా ఆడా అన్న తేడా లేదు, తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వంతు ఉంటుంది. మగదిక్కు ఊళ్లో లేని ఇంటికి అదే తిండి. అయితే ఏ యేడాది ఎవరు తాడు పట్టాలన్నది గంగమ్మ సంబరం నాడు తేలిపోతుంది. సంబరానికి వంట పెద్దది. తీరంలో నీళ్లు ఉప్పన. తియ్యనీళ్ల బావి ఇసకదిబ్బ అవతల కొబ్బరితోటలో ఉంది. ఇంటికొకరు చొప్పున బిందె పట్టుకొని ఆ నీళ్లు మోయాలి. మోసిన ఇల్లు ఆ యేడాది వలలో ఉన్నట్టు, మోయని ఇల్లు లేనట్టు. మొక్కడం మొక్కకపోవడం ఎవరూ అడగరు.

ఇవన్నీ నా భార్యకు తెలుసు, ఎందుకంటే ఆవిడ అక్కడ కూర్చునేది. పాస్టరుగారికి తెలియదు, ఎందుకంటే ఆయన అక్కడ నిలబడి మాట్లాడి వచ్చేసేవారు. బాప్తిస్మం అయిన వెంటనే ఆయన ఆ మూడు కుటుంబాలనూ నిలబెట్టి, సంబరం వైపు కన్నెత్తి చూడకూడదని, అందులో చిన్న పని కూడా ముట్టుకోకూడదని మాట తీసుకున్నారు. తీసుకొని, జీపెక్కి పలాస వచ్చేశారు.

సంబరం వచ్చింది. రెండు కుటుంబాలు బిందెలు పట్టుకొని నీళ్లు మోశాయి, ఆ తరువాత మా ప్రార్థనకు రావడం మానేశాయి. బోర్డు మీద ఎరుపు తగ్గలేదు. ఆవిడ మాత్రం ఇచ్చిన మాట మీద నిలబడింది. నీళ్లకు వెళ్లలేదు. మర్నాడు వల లాగేటప్పుడు తాడు పట్టబోతే పక్కవాళ్లు జరగలేదు.

ఆ వారం నేనూ నా భార్యా వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చొని ఉంది. అత్త లోపలి నుంచే మొదలుపెట్టింది.

"వచ్చినారా? రండి రండి. మీ దేవుడు సేపలెంతెంత పంచినాడో, ఆ కతలన్నీ సెప్పినారు కదా. ఓ గంపెడు ఇటు తెండి. గుంటలు గంజి నీల్లు తాగి తొంగున్నారు."

"ఊరుకో అత్తా," అంది ఆవిడ.

"ఏటి ఊరుకునేది? బిందె మొయ్యమంటే దేవుడొద్దన్నాడంట! నీల్లొద్దనే దేవుణ్ణి నానెక్కడా సూణ్ణేదు!"

నాకు ఆ ముసలామె మాటలో తప్పు కనపడలేదు. పాస్టరుగారికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకొని ఆవిడ కోసం అప్పటికప్పుడే ప్రార్థన చేశారు. బాగానే చేశారు. ఆవిడ ఇంటికి బియ్యం పంపుదామని కమిటీలో నేను అడిగితే, ఆ పల్లెకు కేటాయించిన డబ్బు సువార్తకు మాత్రమే వాడాలని తీర్మానం ఉందన్నారు. ఆ తీర్మానం రాసినది ఆయనే. బియ్యం నా భార్య మా ఇంట్లోంచే తీసుకెళ్లింది. ఒకసారి ఆవిడ తీసుకుంది, రెండోసారి వద్దంది. "అమ్మా, మీరెన్నాల్లు తెత్తారు? నాకు తాడు కావాల," అంది.

తరువాత ఒకరోజు కులపెద్ద తానే నన్ను పిలిచి పడవ నీడన కూర్చోబెట్టాడు.

"గార్డు బాబూ, ఆ పిల్ల మంచిది. నానెరుగుదును. తాడు పట్టనీకపోతే నాకేటి సంతోసం? కానీ ఒకింటిని వొదిలేత్తే రేపు పదిళ్లోళ్లు బిందె ముట్టరు. అడిగితే, నానూ మారిపోనానంటాడు ప్రతీవోడూను."

"ఏం చేద్దామంటావు?"

"మారువారం ఉంది కదా. సంబరం అయిన వారానికి మళ్లీ సిన్న వంటుంటాది. ఈసారి వాన పడి వెనక్కెల్లింది, ఇంకా అవనేదు. దానికి రెండు బిందెలు మొయ్యమను. గుడి దాపుకి రానక్కర్నేదు, మొక్కక్కర్నేదు, ప్రసాదం తినక్కర్నేదు. నీల్లు పొయ్యికాడ పోసి ఎల్లిపోమను. నీల్లకి మతమేటి బాబూ?"

టెక్కలిలో మూడు పూటలు కూర్చున్నా నాకు ఇంత స్పష్టమైన మాట వినపడలేదు. నేను ఆ సంగతి కమిటీ ముందు పెట్టాను. నాలుగు ఆదివారాలు చర్చించారు. చర్చించినన్నాళ్లూ ఆవిడకు తాడు లేదన్నది ఎవరికీ అడ్డురాలేదు. పాస్టరుగారు లేచి నిలబడి, "ఇవాళ నీళ్లంటారు, రేపు కొబ్బరికాయంటారు, ఎల్లుండి కోడంటారు," అన్నారు. జీడి ఫ్యాక్టరీ ఆయన గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఈ ఆమేన్ విని నాకు నవ్వొచ్చింది. ప్రతి దసరాకీ ఆయన ఫ్యాక్టరీలో మిషన్లకు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొడతారు. వీధిలో వినాయకుడి పందిరికి అందరికంటే ముందు ఆయనే తెరుస్తాడు జేబు. ఒకసారి అడిగితే, "వ్యాపారం అన్నాక తప్పదు బ్రదర్, పనివాళ్లు ఊరుకోరు," అన్నాడు. పాస్టరుగారికి ఇది తెలియక కాదు. ఆ పందిరి మీదుగానే రోజూ గుడికి వస్తారు.

కమిటీ తేల్చేలోపల మారువారం వచ్చేసింది. ఆవిడ ఎవరినీ అడగలేదు. బిందె ఎత్తుకొని తోటలోకి వెళ్లి, రెండుసార్లు నీళ్లు తెచ్చి పొయ్యి దగ్గర పోసి ఇంటికి వచ్చేసింది. మర్నాడు తాడు దగ్గర ఆవిడకు చోటు ఇచ్చారు.

ఈ కబురు పలాసకు ఎలా చేరిందో నాకు తెలియదు. మంచి కబురు చేరడానికి స్పీకర్లు కావాలి గానీ, ఇలాంటిదానికి అక్కర్లేదు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరికీ రొట్టె విరిచి పంచే ఆరాధన. ఆ రోజు ఆవిడ ఎండుచేపల తట్ట గేటు బయట గోడవార పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి చివరి వరుసలో కూర్చుంది. ఆవిడ పక్కన ఇద్దరు లేచి ముందు వరుసకు మారారు, వాసన అని.

నేను రొట్టె పళ్లెం పట్టుకున్నాను. పాస్టరుగారు ప్రార్థన ముగించి కళ్లు తెరిచి అన్నారు.

"అన్యదేవత సంబరంలో చెయ్యి పెట్టినవారు ఎవరైనా ఉంటే, వారు ఈ పూట బల్లకు దూరంగా ఉండాలి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మొదటి వరుసలో కూర్చున్న జీడి ఫ్యాక్టరీ ఆయన కూడా మెడ తిప్పి, ఎవరబ్బా అన్నట్టు చూశాడు. నేను ఆయన దగ్గర నుంచే మొదలుపెట్టాను. ఆయన ముక్క తీసుకొని భక్తిగా కళ్లు మూసుకున్నాడు. వరుసలన్నీ అయ్యాక చివరికి వచ్చాను.

"బ్రదర్, అక్కడ వద్దు," అన్నారు పాస్టరుగారు మైకులో.

ఆ చిన్న గదికి కూడా ఆయన మైకు వాడేవారు.

"మొక్కావా అమ్మా?" అని ఆవిడనే అడిగాను, అందరికీ వినపడేటట్టు.

"నేదు బాబూ. నీల్లు మోసినాను. గుడికాడికెల్నేదు, అక్కడ ముద్ద తిన్నేదు." తరువాత గొంతు తగ్గించి, "నా వల్ల మీకు మాటొద్దు బాబూ. నాను తీసుకోన్లే. ఎల్లిపోతాను," అంది. అని లేవలేదు. తట్ట మోసిన మెడ వంచుకొని అలాగే కూర్చుంది. తాడు దొరికిందని బల్ల పోగొట్టుకోవాలా, బల్ల కోసం తాడు పోగొట్టుకోవాలా అని ఆవిడను ఇన్నాళ్లు వేధించినది సముద్రం కాదు, కులపెద్ద కాదు. మేము.

"బ్రదర్!" అని మైకు మళ్లీ పలికింది.

"పాస్టరుగారూ, మొదటి వరుసలో పెట్టి వచ్చాను. అప్పుడు మీరు నన్ను ఆపలేదు," అన్నాను.

జీడి ఫ్యాక్టరీ ఆయన కళ్లు తెరిచి నమలడం ఆపేశాడు. కాశీబుగ్గ వీధి తెలిసినవాళ్లు అందరూ ఒక్కసారిగా తమ చెప్పులు గుమ్మంలో ఉన్నాయో లేవో చూసుకోవడం మొదలుపెట్టారు. "తీసుకోమ్మా," అన్నాను. తీసుకుంది. ఆ చేతికి తాడు ఒరిపిడి కొత్తది, ఎర్రగా ఉంది.

తరువాతి కమిటీలో నాకు విశ్రాంతి ఇచ్చారు. ఆదివారం నాడు పాస్టరుగారు వేదిక మీద, మన పెద్దాయన ఆరోగ్య కారణాల వల్ల బాధ్యతల నుంచి విరమిస్తున్నారని ప్రకటించి, శాలువా కప్పారు. నాకు ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లో రేడియో మీద ఉంది, దుమ్ము పడకుండా.

పాస్టరుగారు ఎంతో కాలం ఉండలేదు. సముద్రపు ఫొటో తీసుకొని, ఇంకా పెద్ద బోర్డు పట్టే గోడ ఉన్న పట్నం సంఘానికి వెళ్లిపోయారు. అక్కడ ఆయనకు మంచి పేరే వచ్చిందని విన్నాను. ఆశ్చర్యం లేదు. ఆయన తరువాత వచ్చిన పాస్టరు నెమ్మది మనిషి, గొంతు చిన్నది. ఆయన ఆ బోర్డు తిప్పేసి వెనకవైపు పాటల నంబర్లు రాయిస్తున్నాడు.

నాకు విశ్రాంతి దొరికింది కాబట్టి నా భార్యతో కలిసి ఆదివారాలు ఆ పల్లెకు వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి వారం ఉదయం తొమ్మిదికి ప్రార్థన అన్నాను, పలాస అలవాటుతో. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"తొమ్మిదికి వల నీల్లలో ఉంటాది బాబూ. వలొచ్చినాక పెట్టుకుందాం."

ఇన్నాళ్లూ ఈ పల్లెవాళ్లు ఆలస్యంగా వస్తారని, భక్తి లేదని మేము చెప్పుకున్నాం. సముద్రానికి మా గుడి గంట వినపడదన్న సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు. వల వచ్చాక, చేపలు పంచుకున్నాక ప్రార్థన పెట్టాం. మానేసిన రెండు కుటుంబాల్లో ఒకటి తిరిగి వచ్చింది. రెండోది రాలేదు, ఇప్పటికీ రాలేదు. వాళ్ల ఇంట్లో ఎవరికైనా ఒళ్లు బాగోకపోతే నా భార్య వెళ్లి కూర్చుంటుంది, అంతే. అత్త కూడా ఒక మూల కూర్చొని, వంకలు పెట్టడానికే అన్నట్టు అంతా వింటుంది.

ఒక ఆదివారం మేము చేరేసరికి వల ఇంకా రాలేదు. మనుషులు తక్కువగా ఉన్నట్టున్నారు. కులపెద్ద నన్ను చూసి పిలిచాడు.

"గార్డు బాబూ! ఊరికే నిల్సుంటే నీ దేవుడేటి అనుకుంటాడు? ఓ సెయ్యెయ్యి!"

పంచె ఎగగట్టి తాడు పట్టుకున్నాను. నాలుగు అడుగులకే ఇసకలో మోకాళ్ల మీద కూలబడ్డాను.

"ఓర్నాయనో! తాడు నువ్వు పట్టుకున్నావా, నిన్ను తాడు పట్టుకుందా?"

ఆవిడ వెనక నుంచి, "మావా, నవ్వకు. రైలాయన, బండి లాగడం అలవాటు నేదు. ఎనకాల కూకోడమే," అంది. గట్టంతా నవ్వింది. నేను లేచి మళ్లీ పట్టుకున్నాను.

వల ఒడ్డుకు వచ్చాక వంతులు వేశారు. నా ముందు కూడా నాలుగు చేపలు పడేశాడు కులపెద్ద. "తాడు పట్టిన సెయ్యి కదా, తీసుకో. నీల్లు మొయ్యకపోయినా ఈ పాలికి పర్లేదు. మీ గుడోళ్లకి సెప్పు, నాను ఎవర్నీ ఎలెయ్యనేదని," అన్నాడు.

ఆ ఇసకలోనే, పడవ నీడన కూర్చొని, కాశీబుగ్గ బేకరీలో కొన్న రొట్టె విరిచాం. చేతులకు చేపల వాసన పోలేదు, ఎవరూ లేచి పక్కకు జరగలేదు. ఆవిడ పళ్లెం పట్టుకొని ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్లింది. ప్రార్థన అవుతుండగానే కులపెద్ద అటునుంచి కేక వేశాడు.

"అయిపోనాదేటి మీ రొట్టె? అయితే రండి, రెండో వల దించుతున్నాం!"

ఆమేన్ అన్నాం. ఇసక దులుపుకొని లేచాం.